అక్క చెప్పే శ్రీలంక, చెల్లెలు చూసిన శ్రీలంక

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. మా అక్క నాకన్నా ఏడేళ్లు పెద్దది. టీచరుగా రిటైరై హనుమకొండలో ఉంటోంది. ఏడాదిన్నర క్రితం మేమిద్దరమే శ్రీలంక వెళ్లొచ్చాం. టికెట్లు, వీసా, హోటళ్లు, కారు మాట్లాడటం, డబ్బు మార్చడం అన్నీ నేనే చూసుకున్నాను. కాండీలో బుద్ధుడి దంతాలయం, డంబుల్లా గుహలు, సిగిరియా కొండ, నువర ఎలియ దగ్గర సీతమ్మ గుడి, ఎల్ల దాకా రైలు ప్రయాణం, అన్నీ అయ్యాయి. అక్క ట్రింకోమలీ కూడా అంది గాని దూరమని వదిలేశాం.

సిగిరియాలో ఇటుకలతో కట్టిన సింహం పంజాల దాకా ఎక్కేసరికి అక్క మోకాళ్లు పట్టేశాయి. "నేనిక్కడ కూర్చుంటాను, నువ్వు వెళ్లిరా" అంది. తను మోయలేదని ఇద్దరి సామానూ ఉన్న సంచి నేనే భుజాన వేసుకుని పైకి వెళ్లి, గంటన్నరలో దిగి వచ్చాను. అప్పుడు ఏమీ అనలేదు. ఇప్పుడు మాత్రం ఏ పెళ్లిలో కలిసినా, ఏ పేరంటంలో కలిసినా "మా చెల్లి నన్ను కొండ మధ్యలో వదిలేసి పోయింది" అని చెబుతుంది. అందరూ నవ్వుతారు. డంబుల్లాలో కోతి నా చేతిలోని అరటిపళ్ల సంచి లాక్కుపోయింది. అదీ తన చేతిలోంచే లాక్కుందంటుంది. రైల్లో కిటికీ కోసం నాతో పోట్లాడిన సంగతి మాత్రం గుర్తే లేదట.

మా అమ్మాయి ఫొటోలన్నీ ఏరి పుస్తకంగా అచ్చు వేయిస్తానంటోంది. ఒక్కో ఫొటో కింద నాలుగు మాటలు రాసిమ్మంది. జరిగింది రాస్తే అక్క నొచ్చుకుంటుంది. అక్క చెప్పేది రాస్తే నాకు ఒళ్లు మండుతుంది. పైగా అక్క ఈ మధ్య "మళ్ళీ ఎక్కడికైనా వెళ్దామే" అంటోంది. ఏం చేయమంటారు?

(పేరు వేయవద్దన్నారు, విజయవాడ)

సమాధానం:

అమ్మా, ముందు మీ పక్షాన నాలుగు మాటలు చెప్పనివ్వండి. తర్వాత మీకు రుచించనివి కొన్ని చెప్పాల్సి ఉంది.

ఇద్దరు కలిసి విదేశం వెళ్తే సాధారణంగా ఒకరు యాత్రకు వెళ్తారు, రెండోవారు ఆ యాత్రకు గుమాస్తాగా వెళ్తారు. మీ ఇద్దరిలో గుమాస్తా కొలువు మీకు దక్కింది. అక్కగారు కాండీ చెరువు గట్టున నిలబడి దంతాలయం వైపు చేతులు జోడించినప్పుడు, మీరు డ్రైవరుకు ఇవ్వాల్సిన శ్రీలంక రూపాయలను మన రూపాయల్లోకి మార్చి లెక్క చూసుకుంటూ ఉండి ఉంటారు. రాత్రి ఆమె నిద్రపోయాక మర్నాటి హోటలువాళ్లకు ఫోను చేసింది మీరు. విమానం తప్పిపోతే ఏం చేయాలా అని ముందుగానే భయపడి పెట్టిందీ మీరే. ఇవేవీ ఏ ఫొటోలోనూ పడవు. అక్కగారు పెళ్లిళ్లలో చెప్పే కథలోనూ లేవు. ఆ కథలో కారు దానంతట అదే వస్తుంది, గది దానంతట అదే తెరుచుకుంటుంది, మీరు మాత్రం కొండెక్కి పారిపోతారు. మీ ఉత్తరంలో మంట అంతా ఇక్కడిదే అని నా అనుమానం. చేసిన చాకిరీకి కథలో చోటు లేకపోగా, ఉన్న ఒక్క చోటూ దొంగ పాత్రకు ఇచ్చారు. కష్టంగా ఉండదా మరి!

అయితే ఈ లెక్కకు అవతలి పేజీ ఒకటి ఉంది. మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో కొందరు దంపతులను ఇంటి పనుల్లో మీ వంతు ఎంత అని ఎవరికి వారిని విడివిడిగా అడిగారు. చాలా జంటల్లో ఇద్దరి వంతులూ కూడితే నూటికి నూరు దాటిపోయింది. వాళ్లు అబద్ధాలకోరులని కాదు. మన పని మన చేతుల మీదుగా జరుగుతుంది కాబట్టి ప్రతి చిన్నదీ గుర్తుంటుంది. ఎదుటివారి పని మన వీపు వెనక జరిగిపోతుంది. అక్కగారిని అడిగి చూడండి, ఆమె దగ్గరా ఒక జాబితా ఉంటుంది. కొబ్బరి కారం నాలుకకు పట్టకపోయినా నోరెత్తకుండా తిన్నాను, దాని మొహం చిన్నబోతుందని నొప్పి దాచుకుని నడిచాను, ఇలా. సిగిరియాకు అడుగు నుంచి కొన దాకా సుమారు 1,200 మెట్లు. సింహం పంజాలు అందులో సగానికి బాగా పైన ఉంటాయి. అరవై ఏళ్ల మనిషి, మోకాళ్లు బాగాలేని మనిషి, అంత దూరం ఎవరి కోసం ఎక్కిందంటారు? పైన పాడుబడ్డ కోట పునాదులు చూడాలని ఆమెకు అంత తహతహ ఉందా?

కోతి గొడవ సులువుగా తేలిపోతుంది. 2001లో మెర్సిడెస్ షీన్, ఆమె సహచరులు కవలల జ్ఞాపకాల మీద ఒక పరిశోధన ప్రచురించారు. చిన్నప్పుడు జరిగిన ఒకే సంఘటనను ఇద్దరూ "నాకే జరిగింది" అని గట్టిగా చెప్పడం వాళ్లు చూశారు. సైకిలు మీంచి పడింది ఒక్కరే, మోచేతికి దెబ్బ తగిలిన గుర్తు ఇద్దరికీ ఉంటుంది, అలాంటి సంగతులు. పక్కపక్కనే నిలబడి ఒకే సంఘటన చూసి, తర్వాత దాన్ని పదేపదే చెప్పుకున్నవారికి ఎవరి చేయి ఎవరిదో కలిసిపోతుంది. మీ అక్కగారు మీ కోతిని దొంగిలించలేదు. ఆ క్షణాన ఆమె గుండె కూడా మీ గుండెతో పాటే ఝల్లుమంది, అంతే. మీ చేతిలోంచే లాక్కుందని మీకు మాత్రం అంత నమ్మకం ఎలాగని నేను అడగను గాని, పుస్తకంలో ఆ కోతిని ఇద్దరికీ చెరిసగం పంచేయండి.

కిటికీ పోట్లాట ఆమె మరిచిపోతే మీకు లాభమే తప్ప నష్టం లేదు. నాను ఓయ స్టేషను దాటాక ఆ రైలు 1,800 మీటర్ల పైన మబ్బుల్లో నడుస్తుంది. ఓరుగల్లు ఎండల్లో పెరిగిన ప్రాణం కిటికీ మూయమంటుంది, తేయాకు తోటల ఫొటోలు తీసేవాళ్లు తెరవమంటారు. అందులో విచారణ చేయదగ్గది ఏమీ లేదు, ముందుకు వెళ్దాం.

ఇక సిగిరియా.

మీ ఉత్తరంలో నన్ను నిలబెట్టేసింది సంచి. ఇద్దరి సామానూ ఉన్న సంచి మీ భుజాన ఉంది. అక్కగారికి బరువు తప్పించాలనే వేసుకున్నారు, మీ మంచితనాన్ని శంకించడం లేదు. కానీ ఆ సంచిలో ఏమేం ఉన్నాయో ఒకసారి కూర్చుని గుర్తు చేసుకోండి. నీళ్ల సీసా అందులోనే ఉండాలి. రెండు పాస్‌పోర్టులూ అందులోనే. మార్చిన డబ్బంతా అందులోనే. ఆమె ఫోను కూడా అందులోనే ఉందా?

ఉంటే, అక్కడి సంగతి ఇలా ఉంటుంది. ఎండకు కాగిన ఒక చదును. ఎదురుగా ఇటుకలతో కట్టిన రెండు పెద్ద పంజాలు, వాటి మధ్య నుంచి పైకి పోయే మెట్లు. కందిరీగలు రేగుతాయి, చప్పుడు చేయవద్దు అని బోర్డులు. గుంపులు గుంపులుగా జనం వస్తున్నారు, పైకి పోతున్నారు, దిగుతున్నారు. ఒక్కరి భాషా తెలియదు. ఒక పక్కన అరవై ఏళ్ల మనిషి ఒట్టి చేతులతో కూర్చుని ఉంది. నీళ్లు కొనుక్కుందామన్నా రూపాయి లేదు, ఫోను చేద్దామన్నా ఫోను లేదు, నేను ఎవరినని చూపించడానికి కాగితం కూడా కొండ పైనే ఉంది. మొదటి అరగంట ఫరవాలేదు. ముప్పావు గంట దాటాక మెట్ల మీద కనిపించే ప్రతి చీర రంగూ, ప్రతి చుడీదారు రంగూ పోల్చుకోవడం మొదలవుతుంది. దిగే దారి ఇంకోవైపు ఉందేమో, నాకోసం అక్కడ వెతుకుతోందేమో అని అనుమానం. లేచి వెళ్లి చూద్దామంటే ఇటు వచ్చేస్తే ఎలా అని భయం. మీకు ఆ గంటన్నర గాలి, రాతిలో తొలిచిన కొలను, నాలుగు దిక్కులా పచ్చటి అడవి. ఆమెకు ఆ గంటన్నర ఆ మెట్లే.

వెళ్లిరా అని ఆమె అన్నదీ నిజమే, మీరు వదిలేసి పోయారన్నదీ నిజమే. ఈ రెండింటిలో ఒకదాన్ని గెలిపించమని మీరు నన్ను అడుగుతున్నారు. అది నా వల్ల కాదు.

ఏడేళ్లు పెద్దయిన అక్క "నువ్వు వెళ్లిరా" అనడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. తిరునాళ్లకు, సినిమాకు, మేనత్త ఊరికి, పెళ్లయ్యాక పుట్టింటికి కూడా. ఇంట్లో ఎవరికో జ్వరం, ఎవరికో వంట, అక్క ఆగిపోతుంది, చెల్లెలు వెళ్తుంది. వెళ్లమన్నప్పుడు మనస్ఫూర్తిగానే అంటుంది, సందేహం లేదు. అయినా జీవితంలో ఒక్కసారైనా ఎదుటిమనిషి "వద్దులే, నేనూ ఇక్కడే కూర్చుంటాను" అంటే బాగుండునని అనుకోని అక్క ఇంతవరకు నాకు తారసపడలేదు. దీనికి మీరు కొండ ఎక్కడం మానుకోవాల్సిందని నేననను. అంత ఖర్చుపెట్టి, అన్ని మెట్లు ఎక్కి, చివరివి వదులుకోవడం పిచ్చితనం. ఎక్కాల్సిందే. నీళ్లు, ఫోను, ఆమె పాస్‌పోర్టు ఆమె ఒళ్లో పెట్టి ఎక్కి ఉంటే ఇవాళ ఈ ఉత్తరం వచ్చేది కాదేమో.

మీరు ఎక్కిన కొండ కూడా అన్నదమ్ముల గొడవలోంచి పుట్టిందే. 5వ శతాబ్దంలో కశ్యపుడు తండ్రి ధాతుసేనుణ్ణి చంపించి గద్దె ఎక్కాడు. సవతి తమ్ముడు మొగ్గల్లానుడు ప్రాణాలు దక్కించుకుని మన దేశానికి పారిపోయి వచ్చాడు. వాడు ఏనాటికైనా తిరిగి వస్తాడన్న భయంతోనే అన్న ఆ కొండ మీద కోట కట్టుకున్నాడని సింహళుల పాత చరిత్ర చూళవంశం చెబుతుంది. తమ్ముడు సేనతో రానే వచ్చాడు. యుద్ధంలో కశ్యపుడి ఏనుగు ఎదురుగా బురద నేల కనిపించి పక్కకు మళ్లింది. రాజు వెనుదిరిగాడనుకుని వెనకాల సైన్యం చెదిరిపోయింది. ఒంటరిగా మిగిలిన రాజు తన గొంతు తానే కోసుకున్నాడు. ఏనుగు పక్కకు తిరగడం అందరికీ కనిపించింది, బురద ఒక్క మావటికే కనిపించింది. మీ అక్కచెల్లెళ్లు కూడా ఏడాదిన్నరగా ఏనుగు ఎటు తిరిగిందనే వాదించుకుంటున్నారు.

బురద ఎక్కడుందో నాకు తోచింది చెబుతాను. మీ ఉత్తరంలో అన్నిటికన్నా పొట్టి ప్రస్తావన ట్రింకోమలీది. అక్క అడిగింది, దూరమని మానేశాం, అయిపోయింది. సిగిరియా నుంచి ట్రింకోమలీ వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మీ విజయవాడ నుంచి ఏలూరు మీదుగా తాడేపల్లిగూడెం వెళ్లినంత. అన్ని ఊళ్లు కారులో తిరిగినవాళ్లకు అది దూరమా? ముందే డబ్బు కట్టేసిన గదులున్నాయి, ఎల్ల రైలుకు రిజర్వేషన్ ఉంది, పథకం చెదిరిపోతుంది, అదీ అసలు కారణం అయి ఉంటుంది. తప్పు పట్టడం లేదు. గుమాస్తాకు పథకమే ప్రాణం.

ఆమె ఎందుకు అడిగారో మీరు రాయలేదు. నేను ఊహిస్తున్నాను, కాకపోతే కాదనుకోండి. ఓరుగల్లు వైపు నుంచి రిటైరైన టీచరమ్మ, దైవభక్తి ఉన్న మనిషి. అలంపురం జోగులాంబను, శ్రీశైలం భ్రమరాంబను, పిఠాపురం పురుహూతికను, ద్రాక్షారామం మాణిక్యాంబను ఎప్పుడో చూసేసి ఉంటారు. అష్టాదశ శక్తిపీఠాలు లెక్కపెట్టుకుంటూ తిరిగే ఆడవాళ్లు మన వైపు ఇంటికొకరు ఉన్నారు. ఆ పద్దెనిమిదింటి శ్లోకంలో మొట్టమొదట చదివే పేరు లంకలోని శాంకరీదేవిది. ఆ దేవి కొలువు ట్రింకోమలీలో, సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ కొమ్మున, కోణేశ్వరుడి సన్నిధిలో అని నమ్మకం. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు కూలదోసి ఆ రాళ్లు కోటకు వాడుకున్నారు. ఇప్పుడున్నది మళ్ళీ కట్టుకున్నది. చిన్నప్పటి నుంచి రోజూ ఆ శ్లోకం చదివిన మనిషి ఆ దేశం దాకా వెళ్లి, వంద కిలోమీటర్ల దూరంలో ఆగి, వెనక్కి వచ్చేసింది. సీతమ్మ గుడికి తీసుకెళ్లాను కదా అంటారేమో. ఒక గుడి బదులు ఇంకో గుడి సరిపోతుందా లేదా అన్నది మొక్కుకున్నవారు చెప్పాల్సిన మాట.

నా ఊహ నిజమే అయితే, ఇంకోటి గమనించండి. ఆమె పెళ్లిళ్లలో ట్రింకోమలీ ఊసెత్తరు. కొండ మీద కూర్చోబెట్టిన కథ నవ్వుతూ చెప్పుకోవచ్చు. విన్నవాళ్లూ నవ్వుతారు, మీరూ ఉడుక్కుంటారు, భోజనాలకు లేస్తారు. "ఆ తల్లిని చూడాలని అడిగితే మా చెల్లి కుదరదంది" అని పదిమందిలో అంటే ఒక్కరు నవ్వరు. అందరూ మీ వైపు తిరిగి చూస్తారు. ఆమె ఆ మాట మింగి, కోపమంతా మోకాళ్ల మీదికి తోసేసి చెబుతున్నారు. మిమ్మల్ని పదిమందిలో పలచన చేస్తున్నారని మీరనుకుంటున్నారు. నాకు మాత్రం ఆమె మిమ్మల్ని కాపాడుకొస్తున్నట్టు కనిపిస్తోంది.

అడగాల్సింది ఆమెనే. ఫోనులో వద్దు. ఫోనులో "అదేం లేదే" అని తేల్చేస్తారు. ఫొటోలు కాగితం మీద వేయించుకుని ఒక ఆదివారం హనుమకొండ వెళ్లండి. మీ అమ్మాయిని వెంట తీసుకెళ్లండి, రాసే పని ఆమెకు అప్పజెప్పండి. మీ చేతిలో కలం ఉంటే మళ్ళీ గుమాస్తా అయిపోతారు. కొండ ఫొటోలు వచ్చినప్పుడు ఒకటే అడగండి: "అక్కా, ఆ గంటన్నరా నువ్వేం చేశావు?" అడిగి ఊరుకోండి. మధ్యలో "కాదక్కా, నువ్వే కదా వెళ్లమన్నావు" అనే మాట మీ నాలుక చివరికి వస్తుంది. అప్పుడు మంచినీళ్లు తాగండి. పక్కన ఎవరో పిల్ల కూర్చుని కబుర్లు చెప్పి ఉండవచ్చు, ఎవరో పెద్దాయన నీళ్లు ఇచ్చి ఉండవచ్చు, ఏడ్చి కూడా ఉండవచ్చు. మీ శ్రీలంకలో గంటన్నర ముక్క మీకు తెలియదు. అది ఒక్క ఆమె దగ్గరే ఉంది. ఏడాదిన్నరలో మీరు అడగలేదు, మీ ఉత్తరం చూస్తే ఆ సంగతి తెలిసిపోతోంది.

పుస్తకంలో ఎవరి కథ రాయాలన్నారు. ఇందులో మీకు తెలియకుండానే ఒక అన్యాయం జరిగిపోతోంది, చూసుకోండి. ఫోను మీ చేతిలో ఉంది కాబట్టి ఫొటోలన్నీ మీరు నిలబడ్డ చోటు నుంచి తీసినవే. కొండ కొన మీద తీసిన వాటిలో అక్కగారు లేరు. ఆమె కూర్చున్న చోటుకు ఫొటోనే లేదు. అచ్చు వేస్తే మీ కథ దానంతట అదే గెలుస్తుంది, మీరు ఒక్క అక్షరం రాయకపోయినా. కాబట్టి సిగిరియా దగ్గర ఒక పేజీ ఫొటో లేకుండా ఉంచి, ఆ రోజు అక్కగారు చెప్పింది చెప్పినట్టు, ఆమె మాటల్లోనే, ఆమె పేరుతో వేయండి. "మా చెల్లి నన్ను వదిలేసి పోయింది" అని మొదలుపెడితే అలాగే ఉండనివ్వండి. ఎదుటి పేజీలో మీ మాట మీరు రాసుకోండి. రెండింటినీ కలిపి నున్నగా చేయవద్దు.

మీరు దీనికి ఎక్కడికో పోయి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. సింహం పంజాలకు కిందనే అద్దపు గోడ ఉంది కదా, నున్నగా సున్నం మెరుగు పెట్టినది. గుహలోని చిత్రాల స్త్రీలను చూసి వెళ్లేవాళ్లు దాని మీద పద్యాలు గీకిపోయారు. ఎక్కువ భాగం 8 నుంచి 10 శతాబ్దాల మధ్యవి. శ్రీలంక పురావస్తు శాస్త్రవేత్త సెనరత్ పరణవితాన వాటిలో 685 చదివి 1956లో అచ్చు వేశారు. చూసింది అందరూ అవే బొమ్మలు. ఒకడు వలచానంటాడు, ఒకడు అవి పలకవేమని విసుక్కుంటాడు. వచ్చిన ఆడవాళ్లు కూడా వాళ్ల మాట వాళ్లు రాసి వెళ్లారు. ముందువాడు రాసింది తప్పని చెరిపేసి రాసే పని ఎవరూ పెట్టుకోలేదు. (ఇప్పుడు రాస్తే జైల్లో పెడతారు, మీ పుస్తకంలోనే రాసుకోండి.)

మిగిలిన ఫొటోల కింద "మరపురాని సాయంత్రం", "ప్రకృతి ఒడిలో" లాంటివి రాయవద్దని మీ అమ్మాయికి నా మాటగా చెప్పండి. మట్టి చట్టిలో గేదె పెరుగు, దాని మీద జీలుగు పాకం పోసి ఇస్తారక్కడ. ఆ ఫొటో ఉంటే, చట్టి అడుగు వేలితో గీకింది ఎవరో రాయండి. పదేళ్ల తర్వాత మీ ఇద్దరికీ చదవబుద్ధి పుట్టేది అదే.

పెళ్లిళ్ల సంగతికి ఎక్కువ చెప్పను. ఇకమీదట ఆమె ఆ కథ ఎత్తుకున్నప్పుడు మీరు పక్కన ఉంటే కాదనకండి. "అవునండీ, సంచి కూడా నాతోనే పట్టుకుపోయాను" అని మీరే కలపండి. ఆ కథలో ఆమెకు ఇంక చెప్పడానికి ఏమీ మిగలదు. లేదా నవ్వు ఇంకా పెద్దదవుతుంది. రెండూ మంచివే.

మళ్ళీ వెళ్లాలా అన్నారు. వెళ్లండి. నిజంగా మనసు విరిగిన మనిషి మళ్ళీ వెళ్దామని అడగదు. ఎక్కడికని మీరు నిర్ణయించకండి. అక్కడా ఇక్కడా అని నాలుగు పేర్లు చెప్పి తేలిగ్గా ఏరుకోమనకండి, ఆమె "నీ ఇష్టమే" అనేస్తారు. "ట్రింకోమలీ ఎందుకడిగావక్కా?" అని నేరుగా అడగండి. నా ఊహంతా తప్పయి, ఆమె ఎవరో చెప్పగా విన్న సముద్రపు ఒడ్డు చూడాలని అడిగి ఉంటే ఇద్దరూ కలిసి నన్ను చూసి నవ్వుకోండి. శాంకరీదేవి కోసమే అయితే మాత్రం "నీ కోసం మళ్ళీ వస్తున్నాను" అనే మాట ఒక్కసారి కూడా అనవద్దు. మీ పొరపాటు సరిదిద్దుకుంటున్నట్టు అక్కడ మొహం పెట్టుకుని తిరిగితే ఆమెకు దర్శనం దక్కినట్టే ఉండదు.

ఏర్పాట్లలో మార్పు మాత్రం కావాలి. ఎవరి సంచి వారికి, ఎవరి ఫోను, పాస్‌పోర్టు, కొంత డబ్బు వారి దగ్గరే. రోజు విడిచి రోజు ఖర్చుల లెక్క ఆమె చూస్తారు. ముప్పై ఏళ్లు హాజరు పట్టీలు రాసిన చేయి తప్పు లెక్క వేయదు, ఆ పనిలో ఎంత విసుగుందో కూడా అప్పుడు ఆమెకు తెలుస్తుంది. పూటంతా కలిసే తిరగాలన్న నియమం పెట్టుకోకండి. మధ్యాహ్నాలు ఆమె పడుకుంటే మీరు ఊరు చూసి రావచ్చు, ఎన్నింటికి వస్తారో చెప్పి వెళ్లి ఆ వేళకు రండి. మోకాళ్ల డాక్టరుకు ఇప్పుడే చూపించుకోమనండి. ఎంత నడవవచ్చో ఆయన చెప్పింది విని పథకం వేయండి, పథకం వేశాక నొప్పిని అందులో ఇరికించకండి.

ట్రింకోమలీ తీరంలో అక్టోబరు నుంచి జనవరి దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. మే నుంచి సెప్టెంబరు లోపు వెళ్తే మేలు. ఎండ మాత్రం గట్టిగానే ఉంటుంది, కాబట్టి గుడికి పొద్దున్నే గాని సాయంత్రం గాని వెళ్లండి. పాత కోట ద్వారం గుండా పైకి పోవాలి, లోపల చుక్కల జింకలు జనం మధ్యే తిరుగుతుంటాయి. కొలంబో నుంచి ట్రింకోమలీకి రైలుంది, కారైతే మోకాళ్లకు సుఖం, మధ్యలో ఎక్కడైనా ఆపమని అడగవచ్చు. ఆమె ఎప్పుడంటే అప్పుడు బయలుదేరగలరు, రిటైరైన మనిషి. మీ బ్యాంకులో సెలవు దొరకడమే కష్టం, ఆ దరఖాస్తు ఇప్పుడే పెట్టండి.